జపాన్‌లో తొమ్మిది రోజులు, ఒక చెంబు

మొదటి రోజు

మా పెద్దవాడు అమెరికాలో ఉంటాడు, చిన్నవాడు టోక్యోలో. పెద్దవాడి దగ్గరికి వెళ్ళినప్పుడు పడ్డ అవస్థ మరిచిపోలేక, ఈసారి మా ఆవిడ సూట్‌కేసులో అన్నిటికన్నా ముందు ప్లాస్టిక్ చెంబు పెట్టింది. ఆవకాయ, సున్నుండలు, కందిపొడి ఆ తర్వాతే సర్దింది. నవంబరు ఆఖరి వారం. కాకినాడలో ఇంకా ఫ్యాను వేసుకునే పడుకుంటున్న మేము, స్వెట్టర్లు తొడుక్కుని హనేడా ఎయిర్‌పోర్టులో దిగాం.

దిగగానే నేను వెళ్ళింది టాయిలెట్‌కి. కూర్చోగానే ఉలిక్కిపడ్డాను. సీటు వెచ్చగా ఉంది. మన దగ్గర సీటు వెచ్చగా ఉందంటే అప్పుడే ఎవరో లేచి వెళ్ళారని అర్థం. ఇక్కడ కరెంటు పెట్టి మరీ వెచ్చబెడతారట. పక్కన గోడకి టీవీ రిమోట్ లాంటి పలక, దాని మీద పది పన్నెండు బొత్తాలు. నీళ్ళు! ధార ఎంత జోరుగా రావాలో, నీళ్ళు ఎంత వేడిగా ఉండాలో కూడా మన ఇష్టమే. టోటో అనే కంపెనీ 1980లోనే ఈ సీటు అమ్మకానికి పెట్టిందని తర్వాత తెలిసింది. అంటే నేను ఇంటర్ చదువుతూ, నూతి దగ్గర చెంబు నింపుకుని పెరటి చివరికి నడుస్తున్న రోజుల్లో. ఒక్క సలహా ఇస్తాను: ఆపే బొత్తాం ఎక్కడుందో చూసుకోకుండా మిగతా ఏ బొత్తామూ నొక్కకండి. ఇంతకన్నా వివరంగా రాయను.

ఒక బొత్తాం మీద సంగీతం గుర్తు ఉంది. పాట వస్తుందేమోనని నొక్కాను. జలజలా నీళ్ళు పారుతున్న చప్పుడు వచ్చింది, నీళ్ళు మాత్రం రాలేదు. ఆడవాళ్ళు లోపలి చప్పుళ్ళు బయటికి వినిపిస్తాయన్న మొహమాటంతో ఊరికే ఫ్లష్ నొక్కుతూ నీళ్ళు వృథా చేస్తున్నారని, 1988లో ఈ ఉత్తుత్తి చప్పుడు కనిపెట్టారని మా కోడలు చెప్పింది. మొహమాటానికి యంత్రం కనిపెట్టిన జాతి ఇంకొకటి ఉంటుందనుకోను.

బయట టాక్సీ తలుపు దానంతటదే తెరుచుకుంది. డ్రైవరు తన సీట్లోంచే మీట లాగుతాడు. ఈ సంగతి తెలియక మా ఆవిడ దిగేటప్పుడు బుద్ధిగా తలుపు పట్టుకుని ధడాలున వేసింది. తెల్ల గ్లవుజులు వేసుకున్న ఆ పెద్దాయన మొహంలో క్షణంపాటు ఏదో కదిలింది, వెంటనే వంగి నమస్కారం పెట్టాడు.

మావాడు ఉండే పేట పేరు నిషి-కసాయి. "కసాయి ఏమిట్రా, ఇంకో చోట ఇల్లు దొరకలేదా?" అంది మా ఆవిడ. 2000 సంవత్సరం ముందూ వెనకా కంప్యూటర్ ఉద్యోగాలకి వచ్చిన మనవాళ్ళు ఇక్కడ చేరారు. ఇప్పుడు ఈ పేటలో కందిపప్పు, మినప్పప్పు, కరివేపాకు దొరుకుతాయి. కసాయి అన్న పేరుకి ఇంతకన్నా శాకాహారమైన ప్రాయశ్చిత్తం ఉండదు.

రెండో రోజు

ఇంటి గుమ్మంలోపల ఒక మెట్టు దిగువగా చిన్న జాగా. చెప్పులు అక్కడే విడవాలి. అంతవరకూ మనకి కొత్తేమీ కాదు. కానీ విడిచిన చెప్పుల్ని మళ్ళీ వంగి, ముక్కులు వీధివైపు తిరిగేలా జంటగా సర్దాలి. ఆ పని నాకు నేర్పింది ఆరేళ్ళ మనవరాలు చిన్ని. ఇక్కడి బళ్ళోనే ఒకటో తరగతి చదువుతోంది. "తాతయ్యా, రేపు వెళ్ళేటప్పుడు నీకే ఈజీ కదా" అంది.

మా నాయనమ్మ గుర్తొచ్చింది. కోనసీమలో మా ఇంట్లో ఆవిడ మడి కట్టుకుంటే ఎవరూ ఏదీ చేతికి ఇవ్వకూడదు, తీసుకోకూడదు. "అక్కడ పెట్టు, నే తీసుకుంటాను" అనేది. మధ్యాహ్నం బిస్కెట్లు కొన్నప్పుడు నేను డబ్బు చేతికివ్వబోతే, కొట్లో అమ్మాయి రెండు చేతులతో చిన్న పళ్ళెం ముందుకి జరిపింది. డబ్బు అందులో పెట్టాలి. చిల్లర కూడా అందులోనే వస్తుంది. అచ్చం మా నాయనమ్మే, కాకపోతే ఈ అమ్మాయి నవ్వుతోంది.

ఆదివారం కదా అని అందరం అసకుసా గుడికి బయల్దేరాం. తోజాయి లైను రైల్లో మా పెట్టెలో ఎనభై మంది ఉంటారు. చీమ చిటుక్కుమంటే వినపడుతుంది. సరిగ్గా అప్పుడు అమలాపురం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ పొద్దున్న ఏడున్నర, కాఫీ తాగుతూ తీరిగ్గా ఉన్నాడు. "ఆఁ, చెప్పరా!" అన్నాను మామూలు గొంతుతోనే. ఎవరూ నావైపు చూడలేదు. ఆ చూడకపోవడం ఎంత గట్టిగా ఉందంటే నా చెవులు వేడెక్కాయి. చిన్ని నా చొక్కా లాగి, నోటిమీద వేలు పెట్టి "షీ..." అంది. మన రైల్లో అయితే పక్కాయన "అమలాపురమాండీ? మాదీ ముమ్మిడివరమే" అని కలిసిపోయేవాడు. ఫోన్లో మాట్లాడటం తప్పు గానీ పక్కవాడి భుజం మీద తలవాల్చి నిద్రపోవడం మాత్రం తప్పు కాదు. కోటు వేసుకున్న ఒకాయన నా భుజం మీద నాలుగు స్టేషన్లు నిద్రపోయి, అయిదోది రాగానే అలారం కొట్టినట్టు లేచి దిగిపోయాడు. ఆదివారం కూడా ఆఫీసుకే కాబోలు, పాపం.

బిస్కెట్ల సంగతి చెప్పాలి. సెంబే అని బియ్యప్పిండితో చేస్తారు, మన చెక్కలకి దూరపు చుట్టం. డబ్బా మీద రంగుకాగితం, దాని కింద అట్ట, లోపల ప్లాస్టిక్ తట్ట, తట్టలో ఒక్కో చెక్కకి ఒక్కో సంచి. నాలుగు తినేసరికి నా గుప్పిట్లో చెత్త పోగైంది. పడేద్దామని చూస్తే వీధి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క చెత్తబుట్ట లేదు. 1995 మార్చిలో ఒక మతశాఖ వాళ్ళు టోక్యో మెట్రో రైళ్ళలో విషవాయువు వదిలి జనాన్ని చంపాక, బాంబులూ అవీ దాచడానికి వీల్లేకుండా చాలాచోట్ల బుట్టలు తీసేశారట. అప్పణ్ణుంచి ఎవరి చెత్త వాళ్ళే ఇంటికి మోసుకుపోతారు. వీధిలో ఒక్క కాగితం ముక్క లేదు. కనీసం ఒక్కటన్నా కనిపిస్తే దాని పక్కన నాదీ వేద్దామని చూశాను.

ఇంటికి తెచ్చాక పని అయిపోతుందనుకుంటే పొరపాటు. ఫ్రిజ్ మీద చెత్త క్యాలెండరు ఉంది. కాల్చే చెత్త ఏ రోజు, కాల్చనిది ఏ రోజు, సీసాలు ఏ రోజు అని బొమ్మలతో సహా. నీళ్ళ సీసా పడెయ్యాలంటే మూత తీసి ఒక డబ్బాలో వెయ్యాలి, చుట్టూ ఉన్న కాగితాన్ని చుక్కల గీత వెంబడి చింపి ఇంకో డబ్బాలో వెయ్యాలి, సీసాని కడిగి నలిపి మూడో దాంట్లో వెయ్యాలి. మా ఆవిడ ఇదంతా చూసి, "నీళ్ళు తాగకుండా ఉంటే సరిపోతుంది" అంది.

ఆ సాయంత్రమే పక్క ఫ్లాటులో ఒంటరిగా ఉండే ముసలావిడకి స్టీలు డబ్బాలో అయిదు సున్నుండలు పెట్టి ఇచ్చొచ్చింది. భాష రాదు కదా, ఏమన్నావంటే, "తినండి అన్నాను, తలూపింది" అంది.

మూడో రోజు

షింజుకు స్టేషన్లో తప్పిపోయాను. రోజుకి దాదాపు 30 లక్షలమంది తిరిగే స్టేషను, 200కి పైగా దారులు. ఒక కుర్రాణ్ణి దారి అడిగితే అతను చెయ్యి చూపించి ఊరుకోలేదు, పది నిమిషాలు నాతో నడిచి నా ప్లాట్‌ఫారం దగ్గర వదిలి వెనక్కి పరిగెత్తాడు. బహుశా తన రైలు తప్పిపోయి ఉంటుంది.

రైలు అయిదు నిమిషాలు లేటైతే రైల్వేవాళ్ళు చీటీ ఇస్తారు, ఆఫీసులో చూపించుకోడానికి. 2017 నవంబరులో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ అనే రైలు ఒక స్టేషన్ నుంచి 20 సెకన్లు ముందు బయల్దేరినందుకు కంపెనీ క్షమాపణ ప్రకటన ఇచ్చింది. ఒక్క ప్రయాణికుడు కూడా ఫిర్యాదు చెయ్యలేదు, వాళ్ళంతట వాళ్ళే ఇచ్చారు. మావాడు ఈ కథ చెబితే మా ఆవిడ నమ్మలేదు. మనకి అరగంట లేటుగా వచ్చిన రైలు రైట్ టైమే కదా.

నాలుగో రోజు

మేము మాంసం, చేప తినం. జపాన్‌లో ఈ మాట చెప్పడం తేలికే, అర్థమయ్యేలా చెప్పడం కష్టం. "మాంసం వద్దు" అంటే "హై, హై" అని ఎంతో మర్యాదగా తలూపి చేప చారు తెచ్చి పెడతారు. పాపం వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు, చేప చారు అసలు చేపే కాదు. దాషి అంటారు దాన్ని, ఎండబెట్టిన చేప తురుముతో కాస్తారు. మన వంటింట్లో పోపు లేకుండా ఏదీ ఎలా కాదో, ఇక్కడ ఇది లేకుండా ఏదీ కాదు. కోడలు ఒక అట్టముక్క మీద జపనీసులో అంతా రాసిచ్చింది. ఆ అట్ట చదివిన హోటలాయన ఆలోచనలో పడి, లోపలికి వెళ్ళి ఇంకొకాయన్ని పిలుచుకొచ్చి, ఇద్దరూ కలిసి మాకు తెల్ల అన్నం పెట్టి క్షమాపణ చెప్పారు.

మమ్మల్ని కాపాడింది ఒనిగిరి. ఏ వీధి మలుపులో చూసినా ఉండే సెవెన్ ఎలెవెన్, లాసన్ కొట్లలో అమ్ముతారు. ముక్కోణంలో అన్నం ముద్ద, చుట్టూ సముద్రపు నాచు. దాని ప్లాస్టిక్ కాగితం మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. 1 దగ్గర కిందికి లాగాలి, తర్వాత 2 దగ్గర ఒక పక్కకి, 3 దగ్గర ఇంకో పక్కకి. అలా చేస్తే అన్నానికీ నాచుకీ మధ్యనున్న పొర ఊడొచ్చి, నాచు కరకరలాడుతూ అన్నానికి అంటుకుంటుంది. నేను 3తో మొదలుపెట్టాను. నాచు ప్లాస్టిక్‌లోనే ఉండిపోయి, ముద్ద నా ఒళ్ళో పడింది. లోపల ఉమెబోషి, అంటే ఉప్పులో ఊరి ఎండిన పుల్లటి పండు. మా ఆవిడ ఒక కొరుకు కొరికి, కళ్ళు మూసుకుని, "ఊరగాయ అన్నమేనండీ. నూనె ఒక్కటే వెయ్యడం మరిచిపోయారు" అని ఇంకో రెండు తింది.

రాత్రి భోజనాల దగ్గర నేను అన్నం తినే పుల్లల్ని నిటారుగా అన్నంలో గుచ్చి నీళ్ళ గ్లాసు అందుకున్నాను. చిన్ని కెవ్వుమంది. పోయినవాళ్ళకి పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారట. అంటే నా పిండం నేనే పెట్టుకున్నానన్నమాట. నూడుల్స్ చప్పుడు చేస్తూ జుర్రుకుంటే మాత్రం ఏమీ అనరు. పెళ్ళి విస్తట్లో పులుసు జుర్రిన వాళ్ళకి ఇక్కడ కోచింగ్ అక్కర్లేదు.

భాష గురించి ఒక ముక్క రాయకపోతే ముప్ఫై ఏళ్ళు తెలుగు లెక్చరర్‌గా చేసినందుకు అర్థం ఉండదు. మా ఆవిడకి రెండు రోజుల్లో జపనీసు వచ్చేసింది. బస్టాపులో ఒకామెని "బస్సు?" అని అడిగింది, ఆమె "హై, బసు" అంది. తర్వాత చూస్తే కప్పుని కప్పు అనే అంటారు. పైపు పైపే, సూపు సూపే, బీరు బీరే. ఇంగ్లీషు మాట ఏది దొరికినా చివర అచ్చు తగిలించందే వాళ్ళకీ నోరు తిరగదు, మనకీ తిరగదు. క్రియ వాక్యం చివరే వస్తుంది. "కదా" అనడానికి "నే" అంటారు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ "హై, హై" అంటూనే ఉంటారు. ఇంగ్లీషు వాళ్ళు అది ఒప్పుకోవడం అనుకుని బోర్లాపడతారని మావాడు అన్నాడు. అది ఒప్పుకోవడం కాదు, ఊఁ కొట్టడం. పేదరాశి పెద్దమ్మ కథలు విన్న ఎవరికైనా తెలుస్తుంది.

ఆవేళే పక్కింటావిడ డబ్బా తిరిగిచ్చింది. తళతళా తోమి, చేతిరుమాలు లాంటి గుడ్డలో మూట కట్టింది. విప్పితే లోపల మూడు చిన్న కమలాలు. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. "చూశారా, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని ఆవిడకీ తెలుసు."

అయిదో రోజు

మావాడు మా ఇద్దర్నీ క్యోటో తీసుకెళ్ళాడు. 1964లో మొదలైన షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు రెండుంబావు గంటల్లో క్యోటోలో దించేసింది. కుడిపక్క కిటికీలోంచి ఫుజి కొండ కాసేపు కనిపించింది. టికెట్ కలెక్టరు పెట్టె దాటి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర వెనక్కి తిరిగి, వంగి దణ్ణం పెట్టి వెళ్ళాడు. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు, ఒక్కరూ చూడలేదు. మా ఆవిడ ఒక్కత్తే ప్రతిసారీ తిరిగి నమస్కారం పెట్టింది.

రాత్రి పాతకాలపు సత్రంలో దిగాం, ర్యోకాన్ అంటారు. గుమ్మంలో బూట్లు విడిచి ఇంటి చెప్పులు తొడుక్కోవాలి. గదిలో చాప ఉంటుంది కాబట్టి ఆ చెప్పులూ విడవాలి. టాయిలెట్ దగ్గర ఇంకో జత ఉంటుంది, అది తొడుక్కుని లోపలికి వెళ్ళాలి, వచ్చేటప్పుడు అక్కడే వదలాలి. నేను వాటితోనే భోజనాల గదిదాకా నడిచొచ్చాను. వడ్డించే ఆవిడ ఏమీ అనలేదు. నా పాదాలవైపు ఒక్కసారి చూసి, పరుగున వెళ్ళి ఇంటి చెప్పుల జత తెచ్చి నా ముందు పెట్టి, ఆ రెండోవాటిని రెండు వేళ్ళతో పట్టుకుపోయింది. ఆ రెండు వేళ్ళు నేను చిన్నప్పుడు చూశాను. మడి బట్ట తగిలితే నాయనమ్మ నా చెవి పట్టుకునేది సరిగ్గా అలాగే.

క్యోటోవాళ్ళు మర్యాదకి పెట్టింది పేరు. ఇంటికొచ్చిన వాళ్ళని "టీ పోసిన అన్నం తిని వెళ్తారా?" అని అడిగారంటే, ఇక దయచెయ్యండని అర్థమట. ఇది ఊరంతా చెప్పుకునే మాట. దీనికి జపాన్ దాకా రానక్కర్లేదు. "ఇంకేంటండీ విశేషాలు?" అని మనవాళ్ళు మూడోసారి అన్నప్పుడు చెప్పులు వెతుక్కోకపోతే తప్పు మనదే.

పొద్దున్న గది ఖాళీ చేస్తూ మా ఆవిడ ఒక నిర్ణయం తీసుకుంది. పనికిరాని చెంబుని ఊరంతా మొయ్యడం ఎందుకని, స్నానాల గది మూల దాన్ని వదిలేసింది.

ఆరో రోజు

నారా. ఊళ్ళో వెయ్యికి పైగా జింకలు ఆవుల్లా తిరుగుతుంటాయి. వాటికోసమే బిస్కెట్లు అమ్ముతారు. బిస్కెట్టు చేతిలో ఉంటే జింక మన ఎదుట నిలబడి తల వంచుతుంది. మనం కూడా వంచితే ఇంకోసారి వంచుతుంది. ఈ దేశంలో జంతువులకి కూడా మర్యాద తెలుసని మురిసిపోతుండగా, మూడో నమస్కారానికీ బిస్కెట్టు రాకపోయేసరికి అది నా కోటు జేబులో మూతిపెట్టి, రెండో రోజు నుంచి నేను మోస్తున్న సెంబే కాగితాలు లాగింది. ప్లాస్టిక్ తింటే జింకలకి ప్రమాదం. దాని నోట్లోంచి అవి పీక్కుని మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాను.

తోదాయి గుడిలో కంచు బుద్ధుడు 15 మీటర్ల ఎత్తున కూర్చుని ఉన్నాడు. 752లో ఈ విగ్రహానికి కళ్ళు తెరిపించే వేడుకలో కుంచె పట్టింది మన దేశం నుంచి వచ్చిన బోధిసేనుడనే సన్యాసి. 736లో జపాన్ చేరాడట. ఆయన పట్టుకున్న కుంచెకి పొడుగాటి తాళ్ళు కట్టి, ఆ కొసలు కింద ఉన్నవాళ్ళందరూ పట్టుకున్నారట, పుణ్యం అందరికీ అందాలని. భద్రాచలం కల్యాణంలో తలంబ్రాలకోసం చేతులు చాచే జనం కళ్ళముందు మెదిలారు. ఆయన ఇక్కడే పాతికేళ్ళు బతికి ఇక్కడే పోయాడు. ఏం తిన్నాడో, చేప చారు గురించి ఎవరితో మొత్తుకున్నాడో!

గుళ్ళో ఒక స్తంభం మొదట్లో కన్నం ఉంది. బుద్ధుడి ముక్కు రంధ్రమంత ఉంటుందట. అందులోంచి దూరి అవతలికి వెళ్తే మోక్షం అంటారు. నేను కన్నం వైపు చూశాను. మా ఆవిడ నా పొట్ట వైపు చూసింది. ముందుకి నడిచాం.

ఏడో రోజు

ఒసాకా. టోక్యోలో ఎస్కలేటర్ మీద ఎడమపక్క నిలబడాలి, ఒసాకాలో కుడిపక్క. ఆరు రోజులు కష్టపడి నేర్చుకున్న మర్యాద ఇక్కడ అమర్యాద అయిపోయింది. అసలు అందరూ రెండు పక్కలా కదలకుండా నిలబడాలని టోక్యో పక్కనున్న సైతామాలో 2021లో నిబంధన కూడా తెచ్చారట. జనం వింటున్నట్టు లేదు. జపాన్‌లో చట్టం కన్నా అలవాటు గట్టిదని తెలిసి కాస్త ఊపిరి పీల్చుకున్నాను, మనలాంటి వాళ్ళే.

ఒసాకా జనం గట్టిగా మాట్లాడతారు, గట్టిగా నవ్వుతారు. రైల్లో పులిచారల జాకెట్ వేసుకున్న ఒక పెద్దావిడ ఏమీ అడక్కుండానే సంచిలోంచి చాక్లెట్ తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది. పళ్ళెం లేదు, వంగడం లేదు. తర్వాత అరగంటసేపు ఇద్దరూ తమ తమ భాషల్లో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. మోకాళ్ళని ఎలా తెలిసిందంటే, చూపించుకున్నారు.

చాక్లెట్ కాగితం నా జేబులోకే వచ్చింది.

ఎనిమిదో రోజు

పొద్దున్నే కాలింగ్ బెల్ మోగింది. కొరియర్ కుర్రాడు. అట్టపెట్టె, అందులో బుడగల ప్లాస్టిక్, అందులో తెల్ల కాగితం, అందులో మా చెంబు. కడిగి, తుడిచి, పైన చేత్తో రాసిన చీటీ పెట్టి పంపారు. సత్రం నుంచి మొన్ననే ఫోన్ వచ్చిందట. "మీ అమ్మగారు ముఖ్యమైన వస్తువు మరిచిపోయారు" అన్నారట. కావాలనే వదిలేశామని చెప్పడానికి మావాడికి మొహమాటం వేసి పంపమన్నాడు. కొరియర్ చార్జీ మనమే ఇవ్వాలి. ఆ డబ్బుతో కాకినాడ మెయిన్ రోడ్డులో అలాంటివి పది చెంబులొస్తాయి.

ఈ ఇంట్లో మనుషులు మెల్లగా మాట్లాడతారు గానీ వస్తువులు ఊరుకోవు. అన్నం కుక్కర్ పాట పాడుతుంది. సాయంత్రం స్నానాల తొట్టి నిండగానే వంటింటి గోడలోంచి ఒక ఆడగొంతు "స్నానానికి నీళ్ళు కాగాయి" అని ప్రకటించింది. పద్ధతి ఏమిటంటే, ముందు బయట పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా స్నానం చెయ్యాలి. ఆ తర్వాత తొట్లో దిగి మెడదాకా మునిగి కూర్చోవాలి. ఇంతవరకూ నాయనమ్మ కూడా ఒప్పుకునేది. తర్వాత తెలిసింది, నేను లేచాక అవే నీళ్ళలో మావాడు, వాడి తర్వాత ఇంకొకరు దిగుతారని. నాయనమ్మని జపాన్‌లో పుట్టాల్సిన మనిషి అని వారం నుంచీ అనుకుంటున్నాను. ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

నేను మాత్రం ముప్పావుగంట లేవలేదు. వంటింటి గొంతు ఏదో అంటూనే ఉంది, నేను ఊఁ కొట్టాను.

తొమ్మిదో రోజు

ప్రయాణం. చెంబు సూట్‌కేసులో పట్టలేదు. బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి చిన్నికి ఇచ్చేశాం. నా జేబులోని కాగితాలు ఫ్రిజ్ మీది క్యాలెండరు చూసి, ఏవి ఏ సంచిలో వెయ్యాలో అడిగి వేశాను. ప్లాస్టిక్ రోజు నిన్నే వెళ్ళిపోయిందట. మళ్ళీ వారం ఆగాలి.

కమలాలు కట్టిచ్చిన గుడ్డ ఇంకా మా దగ్గరే ఉంది. ఉతికి మడతపెట్టాక మా ఆవిడకి టెన్షన్ మొదలైంది. ఉత్త గుడ్డ ఎలా ఇస్తాం? సున్నుండలు అయిపోయాయి. పొద్దున అయిదింటికి లేచి, కోడలి వంటింట్లో నాలుగు జంతికలు వేసి, అదే స్టీలు డబ్బాలో పెట్టి, అదే గుడ్డలో మూట కట్టి ఇచ్చింది. పక్కింటావిడ రెండు చేతులా అందుకుని నడుము విరిగేలా వంగింది. మా ఆవిడ ఇంకాస్త వంగింది. ఆవిడ మళ్ళీ వంగింది. నేను వెనకనుంచి "విమానం ఉందే" అనకపోతే ఈపాటికి ఇద్దరూ అక్కడే ఉండేవాళ్ళు.

కాకినాడ వచ్చి పది రోజులైంది. నిన్న రాత్రి చిన్నవాడు ఫోన్ చేశాడు.

"అమ్మా, పక్కింటావిడ డబ్బా తిరిగిచ్చింది. ఈసారి ఏవో మిఠాయిలు పెట్టింది. గుడ్డ కూడా కొత్తది. ఇప్పుడేం చెయ్యమంటావు?"

మా ఆవిడ ఫోన్ నా చేతికిచ్చి, మినప్పప్పు నానబొయ్యడానికి కోడలికి ఎన్ని గ్లాసులు చెప్పాలో లెక్క వేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది.